పారవేసే తొక్క – పనికివచ్చే పానీయము



ఉప్పల్ నుండి వరంగల్ రోడ్డు పట్టుకొని బోడుప్పల్, నారపల్లి దాటి ఘటకేసరు వైపు వెళ్తుంటే పోచారం వస్తుంది. ఒకప్పుడు అది చిన్న పల్లె. ఇప్పుడు పెద్ద కంప్యూటరు కంపెనీ ఆవరణ, చుట్టూ కాలనీలు, అపార్టుమెంట్లు వచ్చినవి. ఎండాకాలము రాగానే ఈ రోడ్డు పొడవునా బత్తాయి రసము బండ్లు నిలబడతాయి. గ్లాసుడు రసము తీయుటకు మూడు నాలుగు కాయలు పిండుతారు. రసము మన చేతికి వస్తుంది, తొక్క బండి క్రింద గంపలో పడుతుంది. సాయంత్రానికి ఆ గంపలు నిండి, రోడ్డు ప్రక్కన కుప్పలవుతాయి. మన ఇండ్లలోనూ అంతే. నిమ్మకాయ పిండి తొక్కను చెత్తబుట్టలో వేస్తాము. కమలాపండు ఒలిచి తొక్కను గేదె ముందు పడవేస్తాము.

ఈ మధ్య కొందరు సహోదరీలు మమ్మును మరొక విధముగా అడుగుచున్నారు. “నిమ్మతొక్క మరిగించి పరగడుపున త్రాగితే షుగరు తగ్గునట, నిజమేనా? బత్తాయి తొక్క పొడి బి.పి.ని దించునట, మాత్రలు మానవచ్చునా? కమలా తొక్క కషాయము త్రాగితే దగ్గు, ఆయాసము పోవునట గదా?” ఫోనులో వచ్చిన మాట ఒకరి నుండి ఒకరికి ప్రాకి, చివరకు కూడికలో మన ప్రక్కన కూర్చున్న పెద్దమ్మ చెప్పిన మాటగా మారుతుంది. పెద్దమ్మ చెప్పింది గనుక నమ్ముతాము.

ఒక ప్రక్క తొక్కను పూర్తిగా పారవేయుట, మరొక ప్రక్క దానిని సర్వరోగ నివారిణి అనుకొనుట! ఈ రెంటి నడుమ నిజము ఎక్కడ ఉన్నదో ఈ నెల కలిసి చూద్దాము.

మన వంటింటికి క్రొత్త కాదు

పుల్లని పండ్ల తొక్కను తినుట మనకు ఎవరో నేర్పిన విద్య కాదు. నిమ్మకాయ ఊరగాయలో మనము తినేది ఎక్కువగా తొక్కనే. ఉప్పులో ఊరి మెత్తబడిన ఆ తొక్కే జ్వరము వచ్చి నోరు చేదైనప్పుడు జావకు, గంజి అన్నానికి రుచి ఇస్తుంది. కోస్తా జిల్లాలలో దబ్బకాయను తొక్కతోనే ముక్కలు కోసి ఊరబెడతారు. కమలా తొక్కను సన్నగా తరిగి చింతపండు, బెల్లము వేసి పచ్చడి చేసే ఇండ్లు ఉన్నాయి. ఎండిన కమలా, బత్తాయి తొక్కలను సున్నిపిండిలో కలిపి పిల్లలకు నలుగు పెట్టుట అమ్మమ్మలందరికీ తెలుసు. ఎండాకాలము నీరుమజ్జిగలో దబ్బాకును గాని, నిమ్మాకును గాని నలిపి వేస్తారు. ఆకులో ఉన్న సువాసన నూనె, తొక్కలో ఉన్న సువాసన నూనె దగ్గరి చుట్టాలే.

చీనా దేశములో కమలా జాతి పండ్ల తొక్కను ఎండబెట్టి, సంవత్సరముల తరబడి నిలువచేసి, వంటలోను, టీలోను వాడుతారు. దానికి ‘చెన్‌పీ’ అని పేరు. ఇంగ్లాండులో చేదు నారింజ తొక్కను చక్కెర పాకములో ఉడికించి మార్మలేడ్ చేస్తారు. కనుక తొక్కను ఉపయోగించుట అనేక జనముల అనుభవము. అయితే ఎవరూ దానిని గ్లాసులకొద్దీ త్రాగలేదు. అందరూ కొద్దిగానే, వాసనకు, రుచికి వాడినారు. ఈ మాట గుర్తుంచుకొనండి.

మనకు దొరికే కాయలు

తెలుగు నేల ఈ జాతి పండ్లకు పేరుపొందినది. నల్లగొండ, అనంతపురం ప్రాంతాల బత్తాయి దేశమంతటికీ వెళ్తుంది. బత్తాయిలో మన రైతులు ఎక్కువగా వేసేది సాత్‌గుడి రకము. నిమ్మకు గూడూరు, తెనాలి, ఏలూరు మార్కెట్లు ప్రసిద్ధి. తిరుపతిలోను, నెల్లూరు వైపు పెట్లూరులోను ఈ జాతి పండ్ల మీద పరిశోధన చేసే కేంద్రాలు ఉన్నాయి. కమలాపండ్లు మనకు ఎక్కువగా నాగపూరు వైపు నుండి వస్తాయి. హైదరాబాదు తూర్పు ప్రాంతము వారికి చాలా కాలము కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు దగ్గరగా ఉండేది. 2021లో అది అక్కడి నుండి బాటసింగారానికి తరలినది.

నిమ్మకాయ విలువ ఏమిటో 2022 ఏప్రిల్‌లో మనకు బాగా తెలిసినది. ఆ నెల దేశమంతటా ధర మండిపోయి, చాలాచోట్ల ఒక్క కాయ పది రూపాయలు పలికినది. పది రూపాయల కాయలో రసము మాత్రము వాడి, అంత సువాసన గల తొక్కను పారవేయుట ఇల్లు నడిపే ఇల్లాలికి మనసొప్పే పని కాదు.

తొక్కలో ఏమున్నది?

ఒక బత్తాయిని తీసుకొని చూడండి. తొక్కలో రెండు పొరలు ఉంటాయి. పైన ఆకుపచ్చగా గాని, పసుపుగా గాని ఉండేది సన్నని పొర. దానిని వెలుతురులో చూస్తే చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె తిత్తులు. తొక్కను మడచి నొక్కితే సన్నని తుంపర చిమ్ముతుంది గదా, అదే ఆ నూనె. అందులో ఎక్కువ భాగము లిమోనీన్ అనే పదార్థము. పండు వాసన అంతా అక్కడే ఉన్నది.

క్రింద తెల్లగా, దూదివలె ఉండేది రెండవ పొర. పెక్టిన్ అనే పీచు పదార్థము అందులో ఎక్కువ. జామ్ గట్టిపడుటకు కారణము ఈ పెక్టినే. చేదు కూడా ఎక్కువగా ఈ తెల్లని పొరలోను, గింజలలోను ఉంటుంది.

విటమిన్ ‘సి’ సంగతి ఏమిటి? అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టికల ప్రకారము, పసుపుపచ్చని పెద్ద నిమ్మ రకములో 100 గ్రాముల గుజ్జులో 53 మిల్లీగ్రాముల విటమిన్ ‘సి’ ఉంటే, 100 గ్రాముల తొక్కలో 129 మిల్లీగ్రాములు ఉన్నది. నారింజ జాతి తొక్కలో కూడా 136 మిల్లీగ్రాములు ఉన్నది. “చూశారా, రసము కన్న తొక్కలోనే రెండింతలు ఎక్కువ!” అని ప్రచారము చేసేవారు ఈ లెక్కనే చూపిస్తారు. లెక్క నిజమే, కాని అది సగము నిజము.

100 గ్రాముల తొక్కను ఎవరు తింటారు? ఒక నిమ్మకాయ పై పొరను సన్నగా తురిమితే మూడు నాలుగు గ్రాములు వచ్చును. అందులో విటమిన్ ‘సి’ అయిదు మిల్లీగ్రాములకు మించదు. 2020లో భారత వైద్య పరిశోధన మండలి, మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కలిసి ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పెద్దవారిలో పురుషునికి రోజుకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు కావలెను. కాబట్టి తొక్క తురుము ఆ అవసరములో పదవ వంతు కూడా తీర్చదు. అదే ఒక మోస్తరు జామకాయలో సగము తింటే 100 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. పెరటిలో జామచెట్టు ఉన్నవారు విటమిన్ ‘సి’ కొరకు తొక్కలు నమలవలసిన అవసరము లేదు.

ఇంకొక సంగతి. వేడికి, ఎండకు ఈ విటమిన్ నిలువదు. దీనికి చరిత్రలో మంచి దృష్టాంతము ఉన్నది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు, చిగుళ్ళు వాచి రక్తము కారే స్కర్వీ వ్యాధి గల 12 మంది నావికులను రెండేసి మందిగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క పదార్థము ఇచ్చి చూచెను. రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరే త్వరగా కోలుకొనిరి. అయితే ఆయనే తరువాత ఓడలలో నిలువ ఉండుటకు రసమును మరగకాచి చిక్కబరచి ఇవ్వవచ్చునని సలహా ఇచ్చెను. వేడిలో అసలు గుణము పోయినది. బ్రిటిషు నౌకాదళము నావికులకు నిమ్మరసము క్రమముగా ఇచ్చుట 1795లో గాని మొదలు కాలేదు. కనుక “గంటసేపు మరిగించిన తొక్క కషాయములో విటమిన్ ‘సి’ దండిగా ఉన్నది” అని ఎవరైనా అంటే, ఆ పొరపాటు పాతదేనని తెలిసికొనండి.

విటమిన్ ‘సి’ మీద చేసిన కృషికి 1937లో నోబెల్ బహుమానము పొందిన ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి కూడా, నిమ్మజాతి తొక్క మొదలైన వాటిలో దొరికే కొన్ని పదార్థములకు ‘విటమిన్ పి’ అని పేరు పెట్టినారు. తరువాతి పరిశోధనలలో అవి విటమినులు కావని తేలి, ఆ పేరు విడిచిపెట్టబడినది. అంత గొప్ప శాస్త్రజ్ఞుని మాటనే పరీక్షించి సరిచేసికొన్నారు. ఫోనులో వచ్చిన మాటను మనము పరీక్షించవద్దా?

అయితే లాభము ఎక్కడ?

ఇంత చెప్పిన తరువాత, “ఇక తొక్క ఎందుకు?” అని మీరు అడుగుతారు. మా జవాబు ఒక్కటే: తొక్క మందు కాదు, అది సువాసన. ఆ సువాసన మన గ్లాసులో చక్కెరను తగ్గిస్తుంది. దాని మేలు అంతా ఇందులోనే ఉన్నది.

ఏ పానీయమైనా ఉత్త నీళ్ళవలె ఉంటే పిల్లలు త్రాగరు. తీపి తగ్గిస్తే చప్పగా ఉన్నదంటారు. కాని నిమ్మ వాసన, బత్తాయి వాసన గుప్పున తగిలితే, చక్కెర సగమే వేసినా నాలుక గమనించదు. వాసన రుచిలో పెద్ద భాగము. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసినప్పుడు ఏ కూరా రుచించకపోవుట మనందరి అనుభవమే గదా!

ఇది చిన్న విషయము కాదు. బజారులో దొరికే చాలా కూల్‌డ్రింకులలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల అటూఇటూ చక్కెర ఉంటుంది. సీసా మీద అచ్చువేసిన పట్టిక మీరే చదివి చూడవచ్చును. 300 మిల్లీలీటర్ల సీసా ఒకటి త్రాగితే 30 గ్రాములు, అనగా సుమారు ఆరేడు చిన్న చెంచాలు. పెద్దవారికి రోజంతటికీ, పైన కలుపుకొనే చక్కెర అన్ని రకాలూ కలిపి 25 గ్రాములకు లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఒక్క సీసాతోనే ఆ హద్దు దాటుతాము. షుగరు వ్యాధి పట్టణాల వారికే వస్తుందనుకొనే రోజులు పోయినవి. మన సంఘములలో, మన పల్లెలలో మాత్రలు వేసికొనేవారు ఎందరో మీకే తెలుసు. పెండ్లిలో, పుట్టినరోజులో, సెలవుల బైబిలు పాఠశాల చివరి దినమున మనమే ప్రేమతో పిల్లలకు అందించేది ఏమిటో ఒకసారి ఆలోచించండి.

తొక్కను సిద్ధపరచుట

ముందుగా కాయను ఎన్నుకొనుట. పెరటి చెట్టు కాయ అన్నిటికన్న మేలు. బజారు కాయల మీద పురుగుమందు మిగిలి ఉండవచ్చును, మెరుపు కొరకు మైనము పూసి ఉండవచ్చును. గోరువెచ్చని నీటిలో చేతితో బాగా రుద్ది, తరువాత ధారగా పోసే నీటిలో కడగండి. ఇలా కడిగితే పైనున్న మురికి, మందు చాలా వరకు పోవును గాని, తొక్కలోని నూనెలోకి ఇంకిన మందు పూర్తిగా పోదు. అందుచేత మందు కొట్టిన తోట కాయలని తెలిస్తే తొక్కను వాడవద్దు. సొంత తోట ఉన్న రైతు సోదరులు, మందు డబ్బా మీద వ్రాసిన గడువు దాటకుండా కోసిన కాయలను ఇంటికి కూడా తేవద్దు, మార్కెట్టుకూ పంపవద్దు. రోడ్డు ప్రక్క రసము బండి దగ్గర తొక్కలు ఊరకనే దొరుకును గదా అని తెచ్చుకొనవద్దు. అవి కడిగినవో కాదో తెలియదు, ఈగలు ముసిరి ఉంటాయి. మచ్చ పడిన కాయ, బూడిద రంగు గాని, పచ్చని బూజు గాని పట్టిన కాయ తొక్కను ఆ భాగము కోసివేసి వాడుదామనుకొనవద్దు, మొత్తము పారవేయండి.

నిమ్మకాయను కోయకముందే తురమవలెను. పిండిన చెక్కను తురుముట కష్టము. క్యారట్ తురిమే పీటకు సన్న రంధ్రముల వైపు మెల్లగా రుద్దితే పై పొర మాత్రమే వచ్చును. తెలుపు కనిపించగానే కాయను త్రిప్పండి. బత్తాయి, కమలా తొక్కలనైతే చాకుతో పలుచగా చెక్కి, లోపలి తెలుపును గీకి తీసివేయండి.

నిలువకు కమలా తొక్క అనుకూలము. చిన్న ముక్కలు చేసి, శుభ్రమైన బట్ట మీద పరచి, పైన పలుచని బట్ట కప్పి, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. చివర కొద్దిసేపు ఎండ చూపించండి. విరిస్తే ఫట్‌మని విరగవలెను. వంగుతున్నదంటే ఇంకా తడి ఉన్నదని అర్థము, అట్టి దానిని సీసాలో వేస్తే బూజు పడుతుంది. వానాకాలము ఈ పని పెట్టుకొనకపోవుట మంచిది. ఎండిన ముక్కలను మూత బిగువుగా ఉండే గాజు సీసాలో గాని, స్టీలు డబ్బాలో గాని ఉంచి, తడి చెంచా తగలనీయక వాడుకొనండి.

పాత్రల విషయము మరువవద్దు. పులుపు కలిసిన పానీయమును కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలోను, సిల్వర్ గిన్నెలలోను ఉంచరాదు. స్టీలు, గాజు, మట్టి పాత్రలు క్షేమము.

నాలుగు పానీయములు

1. నిమ్మ వాసన నీళ్ళు: ఒక నిమ్మకాయ తొక్క తురుమును స్టీలు గిన్నెలో వేసి, ఒక గ్లాసు మరిగిన నీరు పోసి మూత పెట్టండి. అయిదు నిమిషములు చాలును, ఎక్కువసేపు ఉంచితే చేదెక్కును. వడగట్టి చల్లార్చి, మూడు గ్లాసుల కాచి చల్లార్చిన నీటిలో కలపండి. చల్లారిన తరువాతనే అదే కాయ రసము పిండండి. చిటికెడు ఉప్పు, నలుగురికి కలిపి నాలుగైదు చిన్న చెంచాల చక్కెర గాని, బెల్లపు తురుము గాని చాలును. మామూలుగా మనము వేసే దానిలో ఇది సగమో, అంతకన్న తక్కువో. బెల్లము వేసినా అది కూడా తీపే గనుక కొలత తప్పవద్దు.

2. తొక్క మజ్జిగ: ఒక గ్లాసు పెరుగును చిలికి, నాలుగు గ్లాసుల నీరు పోసి పలుచని మజ్జిగ చేయండి. పావు చెంచా నిమ్మతొక్క తురుము, చిన్న అల్లము ముక్క, రెండు కరివేపాకు రెబ్బలు కలిపి దంచి వేయండి. కొద్దిగా ఉప్పు. చెట్టు ఉన్నవారు తురుముకు బదులు నిమ్మాకు గాని, దబ్బాకు గాని నలిపి వేసి పది నిమిషముల తరువాత తీసివేయవచ్చును. ఇందులో చక్కెర ప్రసక్తే లేదు. పొలము పనికి, ఉపాధి హామీ పనికి వెళ్ళేవారికి ఎండవేళ ఇంతకన్న మంచి పానీయము లేదు.

3. కమలా తొక్క తేనీరు: పాలు లేని టీ ఇది. రెండు గ్లాసుల నీటిలో చిన్న అల్లము ముక్క, అర చెంచా ధనియాలు దంచి వేసి మరిగించండి. దించిన తరువాత ఎండిన కమలా తొక్క రెండు మూడు చిన్న ముక్కలు వేసి మూత పెట్టి, అయిదు నిమిషములకు వడగట్టండి. టీ ఆకు లేకపోయినా సాయంత్రము వేడిగా త్రాగవలెనన్న కోరిక తీరును. పాలు కలపవద్దు, విరిగిపోవచ్చును. గొంతు గరగరగా ఉన్నప్పుడు వేడి పానీయము హాయినిచ్చును. ఆ హాయి చాలావరకు వేడిదీ, తడిదీ.

4. బత్తాయి నీళ్ళు: బత్తాయి తొక్క పై పొరను వ్రేలెడు పొడవు చీలికలుగా నాలుగు చెక్కి, వాటిని చేతితో మెలిపెట్టి, కాచి చల్లార్చిన నీటి కూజాలో వేసి మూత పెట్టండి. రెండు మూడు గంటలలో నీటికి సన్నని సువాసన పట్టును. చక్కెర అవసరము లేదు. సాయంత్రానికి చీలికలు తీసివేసి, మర్నాటికి క్రొత్తవి వేయండి. పిల్లల నీళ్ళ సీసాలోను ఒక చీలిక వేయవచ్చును.

సంఘ కూడికకు, 50 మందికి: పది నిమ్మకాయల తొక్క తురుమును ఒక లీటరు మరిగిన నీటిలో అయిదు నిమిషములు ఉంచి వడగట్టండి. తొమ్మిది లీటర్ల కాచి చల్లార్చిన నీరు, ఇరువది నిమ్మకాయల రసము, మూడు చిన్న చెంచాల ఉప్పు, అర కిలో చక్కెర కలపండి. మనిషికి 200 మిల్లీలీటర్లు వచ్చును, ఒక్కొక్కరికి పడేది 10 గ్రాముల చక్కెర మాత్రమే. షుగరు ఉన్నవారి కొరకు తీపి కలుపకముందే కొంత వేరుగా తీసి ఉంచుట మర్యాద. వారు నలుగురిలో “నాకు వద్దు” అని చెప్పి చేతులు ముడుచుకొని కూర్చొనవలసిన అవసరము ఉండదు.

భోజనము వెంట టీ వద్దు

స్త్రీలకు ప్రత్యేకముగా ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 58 మందికి రక్తహీనత ఉన్నది. పది మంది సహోదరీలు కూర్చున్న చోట అయిదారుగురన్న మాట. ఆకుకూరలు, పప్పులు, రాగులలో ఉండే ఇనుమును శరీరము సులువుగా గ్రహించదు. పులుపు పండ్లలోని విటమిన్ ‘సి’ దానికి తోడ్పడును. టీలోని వగరు పదార్థము దానిని అడ్డగించును. అన్నము తినగానే టీ త్రాగే అలవాటు ఉన్నవారు దానిని గంట రెండు గంటలు వెనుకకు జరిపి, భోజనముతో ఉప్పు వేసిన నిమ్మ నీళ్ళు త్రాగుట మేలు. ఇక్కడ పని చేసేది రసము, తొక్క దానికి వాసన మాత్రమే ఇచ్చును. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము మాత్రలను మాత్రము మానరాదు.

ఎవరు జాగ్రత్తపడవలెను?

ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏ నీళ్ళూ, ఏ కషాయమూ పట్టరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె కలిపినది అసలే ఇవ్వరాదు.

కడుపులో మంట, పుండు ఉన్నవారు పరగడుపున పులుపు త్రాగవద్దు. పులుపు పానీయమును రోజంతా చప్పరిస్తూ ఉంటే పంటి పైపొర అరుగును. త్రాగి మంచినీళ్ళతో పుక్కిలించండి, వెంటనే పళ్ళు తోమవద్దు.

పంపరపనస, చేదు నారింజ, విదేశాల నుండి వచ్చే గ్రేప్‌ఫ్రూట్ – ఈ మూడింటి రసమూ, తొక్కా కొన్ని మందుల పనిని తారుమారు చేయును. బి.పి.కి వాడే కొన్ని మాత్రలు, కొలెస్ట్రాల్‌కు వాడే కొన్ని మాత్రలు వీటితో కలిస్తే రక్తములో మందు మోతాదు మించిపోవచ్చును. రోజూ మాత్రలు వేసికొనేవారు ఈ పండ్లు తినేముందు డాక్టరుగారిని అడగవలెను.

నిమ్మతొక్క నూనె చేతికి అంటుకొని ఉండగా ఎండలో నిలబడితే చర్మము కాలినట్లు ఎర్రబడి, బొబ్బలు లేచి, తరువాత నల్లని మచ్చలు పడును. ఆరుబయట పెద్ద మొత్తములో నిమ్మకాయలు పిండే సోదరులు, తురిమే సోదరీలు నీడలో కూర్చొని, పని కాగానే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

పానీయము చాలని వేళలు

ఈ మాటలు మీ ఇంట అందరికీ చదివి వినిపించండి.

రెండు వారములు దాటినా దగ్గు తగ్గకపోతే తొక్క కషాయముతో మూడవ వారము గడపవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష ఉచితము, క్షయ అని తేలితే మందులూ ఉచితమే. ఆలస్యమైతే ఆ ఒక్కరికే కాదు, ఒకే గదిలో పడుకొనే పిల్లలకు కూడా ప్రమాదము.

విరేచనములు పట్టిన బిడ్డకు నిమ్మ నీళ్ళు చాలవు. ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆరోగ్య కేంద్రములో, ఆశా కార్యకర్త వద్ద దొరుకును. దానిని పొట్లము మీద చెప్పిన కొలత నీటిలోనే కలపవలెను. పొట్లము అందే వరకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, తలకొట్టిన అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించండి. ఇక్కడ చక్కెర రుచికి కాదు, ఉప్పును, నీటిని లోపలికి చేర్చుటకు. కాబట్టి తగ్గించవద్దు. బిడ్డ కళ్ళు గుంటపడినా, మూత్రము ఆగినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోండి.

షుగరు మాత్రలు, ఇన్సులిన్, బి.పి. మాత్రలు ఏ తొక్క పొడి కొరకూ మానవద్దు. మానిన వెంటనే ఏమీ తెలియదు. “చూశారా, మాత్రలు లేకపోయినా బాగానే ఉన్నాను” అనిపించును. ఆ లోపల కళ్ళు, మూత్రపిండములు, కాళ్ళ నరములు మెల్లగా దెబ్బతినుచుండును. ఒక యజమాని మంచాన పడితే ఆ ఇంటి పొలము, పిల్లల చదువు అన్నీ మంచాన పడును. ఒక మంచి మాట వినిపించబోయి ఇంతటి కీడు చేసినవారము కాకూడదు. ఎవరైనా మీతో “తొక్కతో మాత్రలు మానివేసినాను” అంటే, వారిని ప్రేమతో చేయిపట్టుకొని డాక్టరు వద్దకు తీసుకొనిపోవుట కూడా పరామర్శే.

ఈ నెల చేయవలసినది చిన్న పనే. ఇంట్లో రోజూ టీలో, షర్బత్తులో, పిల్లల పానీయములలో ఎన్ని చెంచాల చక్కెర పడుచున్నదో ఒక వారము లెక్క వ్రాయండి. రెండవ వారము నుండి పై నాలుగింటిలో మీకు నచ్చినది ఒకటి మొదలుపెట్టి, చక్కెరను సగము చేయండి. నెలాఖరున చక్కెర డబ్బాలో ఎంత మిగిలినదో చూడండి. తొక్క ఇచ్చే మేలును చూడగోరువారికి ఆ డబ్బాయే నిదర్శనము. వచ్చే కూడికలో సీసాల కూల్‌డ్రింకులకు బదులు నిమ్మ వాసన నీళ్ళు పంచి, పెద్దలు ఏమన్నారో, పిల్లలు రెండవ గ్లాసు అడిగారో లేదో మాకు వ్రాయండి. మీ ఇంట అమ్మమ్మ చేసిన తొక్క పచ్చడి గాని, పానీయము గాని ఉంటే కొలతలతో సహా తెలియజేయండి. ఇతర కుటుంబములకు కూడా అందజేస్తాము.

మిగిలిన తొక్కలను ఏమి చేయాలని అడుగుతారేమో. పెరటిలో గుంట తీసి ఆకులు, పేడతో కలిపి వేస్తే కొన్ని నెలలకు ఎరువగును. ఆ ఎరువు వేసిన నిమ్మ మొక్క మరి కొన్నేండ్లకు మీ పిల్లల గ్లాసులోకి కాయ ఇచ్చును.